మంజుశ్రీ సెలవు చీటీ

ప్రొద్దుటూరు,
ఆదివారం

చిరంజీవి మంజుశ్రీకి నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలు కాస్త నయం. అంగట్లో పెళ్లి చీరల బేరాలు జోరుగా ఉన్నాయి. మూడు గంటలు కూర్చుని, ఒక్క జాకెట్టు గుడ్డ కొనుక్కుని పోయేవాళ్లే ఎక్కువ. ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టి, తిన్నావా అని అడిగి పెట్టేశాను. అందుకే ఈ కాగితం.

పులివెందుల హాస్టలుకు ఊరగాయ ఎప్పుడు పంపుతారని అడిగావు. బుధవారం నేనే తెస్తాను. కడుపునొప్పి వస్తే మిగతా పిల్లలకు సెలవిచ్చే వార్డెన్ భార్గవి మేడమ్, నిన్ను మాత్రం ల్యాబుకు ఎందుకు పంపిందో కనుక్కోమన్నావు. అక్కడే కళ్లు తిరిగి పడ్డానని, చదువు మానేసి వచ్చేస్తానని రాశావు. అది చదివి కూడా నేను, “వేషాలు” అన్నాను. మీ అమ్మ వంటింట్లోంచి లేచొచ్చింది.

“యాడివి వేషాలు? బయట చేరినప్పుడల్లా ఆ బిడ్డ మెలికలు తిరిగిపోతాది. నాకూ అట్లనే ఉండె.”

“నాకెప్పుడూ చెప్పలేదే?”

“మొగోళ్లకు ఎవురు చెప్తారు?”

మన ఇంట్లో ఆ మూడు రోజులూ మీరు వెనక గదిలో చాప మీద ఉండేవాళ్లు. పనీపాటా లేదు, ఆడవాళ్లకు విశ్రాంతిలే అనుకుంటూ ఇరవై ఆరేళ్లు కాపురం చేశాను. లోపల పళ్లు బిగపట్టుకుని ఉన్నారని తెలియలేదు. సిగ్గుగా ఉంది తల్లీ.

ఇక నీ ప్రశ్నకు జవాబు. మేడమ్ తప్పేం లేదు. పోయిన నెల ఆమె నాకు ఫోన్ చేసి, నీకు నెలనెలా కడుపునొప్పి వస్తోందని, ల్యాబు పోతోందని చెప్పింది. “అది చిన్నప్పటి నుంచి బడిదొంగ మేడమ్, సెలవియ్యొద్దు” అన్నది నేనే. ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేను వినలేదు.

బుధవారం మొదటి బస్సుకు జమ్మలమడుగు మీదుగా వస్తాను. డాక్టరమ్మకు చూపిద్దాం. చదువు సంగతి ఆ తర్వాత నువ్వే చెప్పు, నేను వింటాను.

మేడమ్‌కు ఒక చీటీ రాసి ఇందులో పెట్టాను. “మా అమ్మాయికి నెలసరి నొప్పి ఎక్కువ. ఆమె అబద్ధం ఆడలేదు. తెలియక మాట్లాడింది నేను. దయచేసి పడుకోనివ్వండి” అని రాశాను. నెలసరి అన్న మాట నా చేత్తో రాయడం ఇదే మొదలు, మూడు కాగితాలు చించాను. ఇవ్వడానికి నీకు మొహమాటమైతే నీ దగ్గరే ఉంచు. బుధవారం ఆమె ఎదురుగా నిలబడి నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
నీ మాట నమ్మనందుకు బాధపడుతున్న
మీ నాన్న,
గోవిందరాజులు