తెల్ల గొట్టం

ఏప్రిల్ 3, బుధవారం
టిరెల్ బే రేవులో గాలి లేదు. రెండు పడవల్లో టాయిలెట్లు బాగుచేశాను. మోకాలు నొప్పి.

ఏప్రిల్ 4
రమ్ షాపులో లెనార్డ్ చెప్పాడు. శనివారం మా దీవి ఆనవాయితీ ప్రకారం, పోయిన కెప్టెన్ ఆస్మండ్‌కి సమాధిరాయి నిలబెట్టి విందు పెడుతున్నారు కదా, భార్యే రానంటోందట. నాలుగేళ్ళకి మొగుడికి రాయొస్తే పెళ్ళానికి తీరిక లేదురా అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ భార్య, మిస్ వెర్నిస్ (పెళ్ళయినా ఇక్కడ పెద్దావిడలందరూ మిస్సే), బళ్ళో నాకంటే మూడు క్లాసులు పైన. కెప్టెన్ పోయాక ఆయన పడవలోనే ఒంటరిగా ఉంటోంది. ఆ పడవకి టాయిలెట్ బిగించింది నేనే.

ఏప్రిల్ 5, ఉదయం
ఆవిడ పడవకి వెళ్ళాను. టాయిలెట్ పంపు చూద్దామని వచ్చానన్నాను. అబద్ధం.

లోపలికి రాకు ఎగ్బర్ట్ అంది. దూరంగా నిలబడి, నీళ్ళకేసి చూస్తూ చెప్పింది. ముసలిదాన్నయ్యాను, ఒళ్ళు కంపు కొడుతోంది, రెండేళ్ళుగా రోజుకి మూడుసార్లు స్నానం చేసినా పోవట్లేదు, పేకాటకొచ్చే వాళ్ళు ఒక్కొక్కళ్ళే మానేశారు, రేపు ఆయన రాయి దగ్గర పదిమందిలో ఎలా కూచోను అంది.

పనిముట్ల సంచి తీసుకుని లోపలికి దిగిపోయాను.

అది నాకు తెలిసిన వాసనే. మూల నిండా బ్లీచింగ్ సీసాలు, సెంటు సీసాలు. మురుగు ట్యాంకు మూత బిగుతుగానే ఉంది. గాలి గొట్టం ఊది చూశాను, బాగానే ఉంది. ఎక్కడా తడి లేదు. మంచం కింద, టాయిలెట్ నుంచి ట్యాంకుకి వెళ్ళే ఆ తెల్ల గొట్టం కనబడింది.

వేడినీళ్ళు అడిగాను. శుభ్రమైన గుడ్డ ముంచి, పిండి, గొట్టానికి చుట్టాను. చల్లారేదాకా ఆగాను. గుడ్డ తీసి చేతికిచ్చి వాసన చూడమన్నాను.

చూసింది. మొహం తిప్పేసింది. తన మోచెయ్యి వాసన చూసుకుంది. మళ్ళీ గుడ్డ.

మీరు కాదు మిస్, గొట్టం అన్నాను.

మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

సాయంత్రం
సగమే చెప్పాను.

నేను టాయిలెట్ బిగించిన ఏడు షాపులో మురుగుకి వాడే మందపు నల్ల గొట్టం లేదు. ఈ తెల్లది మంచినీళ్ళకి వాడేది. కెప్టెన్ తొందరపెట్టాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. పైగా మధ్యలో కిందికి వేలాడేట్టు వదిలేశాను. అక్కడ మురుగు నిలిచి, ఏళ్ళు గడిచేసరికి కంపు గొట్టం గోడల్లోంచి బయటికి వస్తోంది. బట్టలకీ పట్టింది.

రెండేళ్ళుగా ఆవిడ ఒళ్ళు తోముకుంటోంది.

ఏప్రిల్ 6, శనివారం, మధ్యాహ్నం
తెల్లారేసరికి నల్ల గొట్టంతో వెళ్ళాను. వేడినీళ్ళలో మెత్తబరిచి ఎక్కించాను. ఎక్కడా వేలాడకుండా క్లిప్పులు బిగించాను. ఆవిడ విందుకి వేసుకునే గౌను ఉతికి పైన తాడుకి కట్టింది, గాలికి.

పాత గొట్టం చుట్టి భుజాన వేసుకున్నాక, ఇది వేసింది నేనే, తప్పు నాదే అన్నాను.

అంటే రెండేళ్ళు నీ కంపు నేను మోశానన్నమాట అంది. అవునన్నాను. అయితే ఇవాళ నువ్వే నా పక్కన కూచోవాలి, ఎవడైనా ముక్కు మూసుకుంటే నిన్ను చూపిస్తా అంది.

టాయిలెట్ల పనివాణ్ణి కదా, విందుల్లో నేనెప్పుడూ వెనకాల నిలబడే తింటాను.

ఏప్రిల్ 7
నిన్న ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఎవరూ లేచిపోలేదు.