మార్గో గొంతు

ప్రియమైన ఆల్సీడ్,

మా రెమీ నన్ను ఈ వృద్ధాశ్రమంలో పడేసి ఫోన్ కూడా పట్టుకుపోయాడు. తెలిసిన ప్రతివాడికీ ఫోన్ చేసి "నన్ను తీసుకుపోండి" అంటున్నానట. కన్నకొడుకుతో ఇంకేం వాదిస్తాను? గంబో పులుసు అని చెప్పి వేడినీళ్ళు పోస్తున్నారు. గదికి కిటికీ ఉంది కానీ తెరుచుకోదు, చుట్టూ బిగించేశారు. అద్దం వెనక అడవీ బురదా కనిపిస్తాయి, చప్పుడు మాత్రం లోపలికి రాదు. ఊపిరాడటం లేదురా.

నా హౌండు కుక్క మార్గోని ఆర్కన్సా వాడెవడికో అమ్మేశాడు. ఆదివారం వచ్చి తీసుకెళ్తారట. ఈలోగా ఒక్కసారి దాన్ని తెచ్చి ఇక్కడి అడవిలో వదులు. పంది జాడ తగిలిందంటే అది ఎత్తే గొంతు ఈ అద్దాన్నైనా దాటుతుంది. ఆఖరిసారి వినాలని ఉంది.

నీ క్లోవిస్


ఒరే క్లోవిస్,

ఇన్నేళ్ళూ నీతో కొట్లాడింది ఇందుకే కదరా. నీ హౌండు జాడ దొరికిన దగ్గర్నుంచీ దండోరా వేస్తుంది. పంది అది విని మూటాముల్లె సర్దుకుని పరారవుతుంది. నా నాటుకుక్క టిక్‌ని చూడు, నోరు మూసుకుని పోతుంది, పందికి ఎదురుగా నిలబడ్డాకే మొరుగుతుంది. సరే, నిన్న నడిచిన పంది జాడ పట్టాలంటే మాత్రం మార్గోనే పట్టాలి. ఈ మాట ఎవరికైనా చెప్పావో, నేను అనలేదంటాను.

శనివారం పొద్దున్నే తెస్తాను. చెవులు శుభ్రం చేసుకో.

ఆల్సీడ్


ఒరే క్లోవిస్,

విన్నావా? కాలువ అవతల వదిలాను. ఎంతసేపు అరిచిందో! పంది దొరకలేదనుకో, నీ కుక్క సంగతి తెలిసిందేగా. నాకు జలుబు చేసి గొంతు పోయింది, అందుకే లోపలికి వచ్చి పలకరించలేదు. విన్నావో లేదో వెంటనే రాయి. నాకు తిండి సహించడం లేదు.

ఆల్సీడ్


ప్రియమైన ఆల్సీడ్,

విన్నాను. మార్గోని గురువారమే పట్టుకుపోయారని రెమీ ఆ రోజే వచ్చి చెప్పాడు. శనివారం ఏ కుక్కా రాదని తెలిసి కూడా పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చున్నాను. కాసేపటికి సన్నగా ఏదో వినిపించింది. హౌండు పరిగెత్తుతూ అరుస్తుంది, దాని గొంతు చెట్లలో పడి దూరమవుతుంది. ఇదేమో ఒక్కచోటే నిలబడి అరుస్తోంది. పైగా మధ్యమధ్యలో దగ్గు! ఏ కుక్కా అంత దరిద్రంగా అరవగా నేను వినలేదు.

సరిగ్గా వినపడక, కుర్చీ ఎత్తి అద్దం పగలగొట్టాను. చలిగాలితో పాటు నీ గొంతు గదంతా నిండింది. మొదట పడీపడీ నవ్వాను, తర్వాత ఏడ్చాను. జీవితమంతా హౌండుల్ని వెక్కిరించిన వాడివి, నాకోసం హౌండువైపోయావు కదరా.

ఇప్పుడు కిటికీయే లేని గదికి మార్చారు. పెద్ద నర్సమ్మ వచ్చి, "అద్దం ఎందుకు పగలగొట్టావు తాతా?" అని అడిగింది.

"మా ఆల్సీడ్ మొరుగుతున్నాడమ్మా, సరిగ్గా వినపడలేదు" అన్నాను.

ఆవిడ ఏదో రాసుకుని, బయట గడియ పెట్టి వెళ్ళిపోయింది.

నీ క్లోవిస్