మిరియం బాగానే ఉంది

ఆళ్లగడ్డ,
ఆదివారం.

ఆయేషా డాక్టరమ్మకు మిరియం వాళ్లమ్మ నమస్కారాలు.

మా నల్లపిల్లి మిరియం బాగుంది. పోయిన నెల మీరు నా నోటుపుస్తకమంతా తిరగేసి, "మూత్రం జబ్బు నయమైపోయిందిలే అక్కా. ఇంక నెలనెలా నంద్యాలకు యాడ తిరుగుతావు? ఏడాదికొకసారి చూపిస్తే చాలు" అన్నారు. ఆరేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అదే. అయినా మొన్న మంగళవారం అలవాటుగా బుట్టలో గుడ్డ పరిచి, బస్సు టైముకు తయారైపోయాను. మిరియం బీరువా ఎక్కి దిగనే లేదు.

ప్రతిసారీ దాని పొట్ట నొక్కి చూస్తూ మీరు దాన్నే అడిగేవారు: "ఏందే మిరియం, మీ యమ్మ ఏమన్నా తినిందా, ఉత్త కడుపుతోనే బస్సెక్కిందా?"

"దాన్నడిగితే ఏం చెప్తాదమ్మా! తినలేదు" అని నేను నవ్వేదాన్ని. మీరు మీ క్యారియర్‌లోంచి రొట్టె తీసి నా చేతిలో పెట్టేవారు.

ఇంట్లో నలుగురికి వండి పెడతాను. ఆ మాట నన్ను అడిగేవాళ్లు లేరు.

దాని బరువు, తిండి, తాగిన నీళ్లు ఇప్పటికీ రోజూ రాస్తున్నాను. జబ్బేమీ కనపడడం లేదు. ఉందని అబద్ధం రాయలేను. అందుకే అడుగుతున్నాను: వచ్చే మంగళవారం పిల్లిని తేకుండా నేనొక్కదాన్నే రావచ్చునా?

పుస్తకం తెస్తాను. తినకుండా వస్తాను.

ఇట్లు,
మిరియం వాళ్లమ్మ