నువ్వు వేసిన గింజ పూసింది

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. చివరి రోజుల్లో మినియేచర్ గులాబీ కాయ ఒకటి చిదిమి, గింజలు కుండీలో వేశావు కదా. వాటిలో ఒక్కటే మొలిచింది. అది ఈ వారం మొదటిసారి పూసింది.

పువ్వు రూపాయి బిళ్ళంత కూడా లేదు. అయినా పెద్ద గులాబీకుండే పొందికంతా దానికుంది. నడుమ రేకులు మొగ్గలా నిలబడి, చుట్టూ ఉన్నవి వెనక్కి ఒంపు తిరిగాయి. పటమట నుంచి ఆటోలో, కుండీ ఒళ్ళో పెట్టుకుని పూల ప్రదర్శనకు వెళ్ళాను.

"పోటీలో పెట్టాలంటే కాడతో కోసి సీసాలో ఉంచాలమ్మా," అన్నారు అక్కడి జడ్జిగారు.

"కొయ్యలేనండీ. ఉన్నది ఒక్క పువ్వే. మా అక్క వేసిన గింజండీ."

ఆయన భూతద్దం తీసి కుండీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. రేకులు ఒక్కొక్కటీ పరీక్షగా చూశారు.

"గింజ నుంచి వచ్చింది తల్లి మొక్కలా ఉండదమ్మా. ఇలాంటిది లోకంలో ఇదొక్కటే," అన్నారు చివరికి.

నేను కుండీని మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాను.

తిరిగొస్తూ గతుకు కనిపించినప్పుడల్లా "మెల్లగా బాబూ" అంటూనే ఉన్నాను.

"ఏముందండీ ఒళ్ళో, పసిబిడ్డా?" అన్నాడు ఆటో అతను.

నేను కొంగు తీసి గాలికి అడ్డం పట్టుకున్నాను.