నాయనమ్మ వినే గది

ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో ఉంటున్న, కాలం చేసిన ప్రదీప్ గారి కుమార్తె, బి.ఎ. రెండో సంవత్సరం విద్యార్థిని హేమశ్రీ అనే నేను, ఇరవై ఏళ్లు నిండి, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతులతో రాసుకుంటున్న వీలునామా ఇది. తెలివిలోనే ఉన్నానని డాక్టరు రాసిచ్చారు. కోపం లేదని మాత్రం ఎవరూ రాసివ్వలేదు. ఉంది.

1. రేపు పొద్దున నా తల తెరుస్తారు. ఎడమ చెవి పైన ఎముక చిట్లి, లోపల నెత్తురు ఇన్ని వారాలుగా మెల్లగా ఊరి గడ్డకట్టింది. ఆ దెబ్బ కొట్టినవాడు నా సొంత అన్న వినోద్. నేను బతికితే ఈ కాగితం చింపేస్తాను. బతక్కపోతే ఇదే నా ఆఖరి మాట. ఒక పేజీ చాలన్నారు వకీలు గారు. నాకు చాలలేదు. మా నాయనమ్మ నూకాలమ్మకు చదివి వినిపిస్తే ప్రతి మాటా అర్థం కావాలి కనుక తెలుగులో రాస్తున్నాను.

2. నాకున్న స్థిరాస్తి ఒక్కటే: మా ఇంటి వెనక గది. ఈ ఇల్లు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన మా తాత దేముడు గారు కట్టింది. వీధివైపు భాగం వినోద్‌కి, మధ్య గదులు మా అమ్మ కుసుమకి, వెనక గది నాకు ఆయనే రాసిపెట్టారు. వినోద్ మాతా పూజలకూ నిమజ్జనాలకూ పెద్ద పెద్ద సౌండ్ బాక్సులు అద్దెకు తిప్పుతాడు. వాటిని పేర్చడానికి నా గది కావాలన్నాడు. ఇవ్వనన్నాను. "ముసల్దానికి కళ్లే నేవు. దానికి సినిమా గది ఏటే?" అన్నాడు, నాయనమ్మ ఎదుటే.

3. కళ్లు లేవు కనుకే ఆ గది. ఏది ఎటు నుంచి వస్తోందో చెవికి తెలిస్తే నాయనమ్మ సినిమా మొత్తం చూడగలదు. అందుకని స్పీకర్లు ఎంచే పని ఆమెకే అప్పగించాను. గోల్ బజార్ దుకాణంలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చప్పుడు వచ్చినవైపు కర్ర చూపించమన్నాను. కర్ర తడబడితే ఆ జత వద్దు. పక్కల పెట్టే సరౌండు స్పీకర్లలో పెద్దవి గదినంతా నింపేశాయి, కర్ర ఎటూ తేలలేదు. ముందు స్పీకర్ల కంపెనీవే చిన్నవి తీసుకున్నాం. తెర మీంచి మన వెనక్కి నడిచొచ్చే మనిషి దారిలో గొంతు మార్చుకోకూడదు కదా. వాటిని కుర్చీకి రెండు పక్కలా, కాస్త వెనగ్గా, చెవికి కొంచెం ఎత్తులో బిగించాం. పై నుంచి వినిపించడానికి, కింద పెడితే చప్పుడును కప్పుకేసి కొట్టి తిప్పిపంపే రకం చాలన్నాడు దుకాణం నడిపే బెంగాలీ దాదా. ఇంటికి తెచ్చి చూశాం. మధ్యలో ఫ్యాను తిరుగుతోంది. నాయనమ్మ మొహం చిట్లించి, "వానని ఎవులో కత్తెట్టి నరుకుతున్నారే అమ్మీ" అంది. వాపసిచ్చి, కప్పుకే బిగించే జత తెచ్చాం. ఎలక్ట్రీషియన్ టోని అన్న బిగించాడు. ఆ రోజు ఆమె అరచెయ్యి పైకి చాపి, తడవలేదేమని నవ్వింది.

4. జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం నాయనమ్మా, నా స్నేహితురాలు ఇందూ, నేనూ కొట్లాటల సినిమా పెట్టుకున్నాం. వినోద్ సుత్తితో వచ్చాడు. ముందు కుడి సరౌండు స్పీకరు పగలగొట్టాడు. నాయనమ్మ కర్ర సరిగ్గా అటే చూపించింది. "బాగుందే, పక్కనే పగిలినట్టుంది" అంది. నేను అతని మణికట్టు కొరికాను, నోట్లోకి నెత్తురొచ్చేదాకా. అతను నన్ను గోడకు కొట్టాడు. కప్పు నుంచి ఎడమ స్పీకరును సిమెంటు పెళ్లలతో సహా లాగి, దానితోనే నా తల మీద మోదాడు. నా అరుపు కూడా సినిమాలోదే అనుకుంది ఆమె. నేను ఆమె పాదాల మీద పడ్డాక, తడి తగిలాక, కర్ర వదిలేసింది. "ఒరే ఇనోదూ, ఏటి సేసినావురా" అంది. ఇందు అతని కాలు పట్టుకుని వేలాడింది. కడుపులో తన్నినా వదల్లేదు. టోని అన్న గోడ దూకి వచ్చి సుత్తి లాక్కున్నాడు.

ఆ తర్వాత నాయనమ్మ ఆ గదిలో ఏదీ పెట్టనివ్వలేదు. వినపడేది నిజమో బొమ్మో తెలీదని భయం.

5. కనుక వెనక గదినీ అందులోని సమస్తాన్నీ నూకాలమ్మకు ఆమె జీవితకాలం అనుభవించేందుకు ఇస్తున్నాను. ఆమె తర్వాత అది ఇందుది, సర్వహక్కులతో. రక్తసంబంధం లేదని ఎవరైనా అంటే, కడుపు మీది మచ్చ చూపించమనండి. నా నిఘంటువులు కూడా ఇందుకే. వాటిలో పెన్సిలుతో గీతలున్నాయి, చెరపవద్దు.

6. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత ట్రాఫిక్ అనే రైల్వే పేటలో ఉండే మా రెబెక్కా టీచరుది. పగిలిన వాటికి బదులు అదే రకం దొరకకపోతే ఒక్కటి మార్చకండి, జత మొత్తం మార్చండి. తలుపుకు లోపలివైపు గడియ పెట్టించండి. అది నాయనమ్మ చేతికందే ఎత్తులో ఉండాలి. గడియ తనే వేసుకుని కూర్చుంటే మళ్లీ వింటుందని నా నమ్మకం.

7. వినోద్‌కి ఏమీ ఇవ్వడం లేదు. మరిచిపోయి కాదు. నేను చనిపోతే అతని మీద నేను పెట్టిన పోలీసు కేసు హత్య కేసవుతుందట. అవనివ్వండి. నా తరఫున ఎవరూ రాజీపడకూడదు.

8. నాన్న లేరు. నేను ఏదీ రాయకుండా పోతే ఈ గది అమ్మకు వస్తుంది, అమ్మ నుంచి వినోద్‌కి పోతుంది. కొడుకు అడిగితే కాదనలేనని ఆమే చెప్పింది. "గది కోసరం అన్నని జైల్లో ఎట్టిస్తావేటే?" అని ఆసుపత్రి మంచం పక్కనే అడిగింది. అందుకే సాక్షి సంతకం ఆమెనే అడిగాను. ఇది క్రూరం అన్నారు టీచరు. క్రూరమే. కానీ అమ్మ పెడితే రేపు వినోద్ దీన్ని దొంగ కాగితం అనలేడు. అమ్మకు నా పాత శాలువా, ఆ గదిలో నాయనమ్మ పక్కనున్న రెండో కుర్చీ ఇస్తున్నాను. కొడుక్కి కోపమొస్తుందని ఆమె ఇంతవరకూ అందులో కూర్చోలేదు. ఇప్పటిదాకా రాసిందంతా చదివి వినిపించాను. నాలుగో అంశం దగ్గర లేచి వరండాలోకి వెళ్లి, మళ్లీ వచ్చి మిగతాది విన్నది. ఆమె పెట్టకపోతే ఆ చోట రెబెక్కా టీచరు పెడతారు.

తేదీ: 2025 జూలై 13, ఖరగ్‌పూర్.

(సంతకం) హేమశ్రీ

సాక్షులు:

1. టోని, ఎలక్ట్రీషియన్, తాల్‌బగీచా.

2. కుసుమ. ఇది రాసిన పిల్లకీ, ఇందులో ఉన్న వినోద్‌కీ తల్లిని. అంతా ఇన్నాను. సంతకం నేనే ఎట్టినాను.