శాంపిల్ పైపు

బెంటన్‌విల్,
మే 4

అంజయ్య అంకుల్‌కి,

నమస్కారం. నా పేరు ఫణి. మీ అమ్మాయి అనుష్క, నేను ఒకే యూనివర్సిటీలో మాస్టర్స్ చేశాం. మీరు కరీంనగర్ బస్ డిపోలో ముప్ఫై నాలుగేళ్లు రేడియేటర్లు, నీళ్ల పైపులు చూశారని, ఇప్పుడు ఆరు నెలలు ఉండడానికి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో తన ఇంటికి వచ్చారని తనే చెప్పింది. మీకు ఫోన్ చేస్తానంటే, "నాన్న ఫోన్‌ల పని మాట్లాడడు. కాగితం మీద రాసిస్తేనే పానా పట్టుకుంటడు" అంది. అందుకే ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లకి మొదటిసారి పెన్ను కొన్నాను.

నా దగ్గర ఇరవై ఏళ్ల నాటి కారు ఒకటుంది. దానికి ముందు ఓనరు ఇంకేదో కారు ఇంజిన్ ఎక్కించాడు. వేగానికి తిరుగులేదు. కానీ కొండ రోడ్డు ఎక్కితే చాలు, టెంపరేచర్ ముల్లు ఎర్రగీతను తాకుతుంది. రేడియేటర్ మూత దగ్గర బుసబుస పొంగి కూలెంట్ అంతా పక్కనున్న సీసాలోకి పోతుంది. పాత రబ్బరు పైపులు తీసేసి, కొలతలిచ్చి సిలికాన్ పైపులు, అల్యూమినియం ఫిట్టింగులు చేయించుకోమని ఇంటర్నెట్‌లో అందరూ ఒకే మాటగా చెప్పారు. ఈ ఇంజిన్‌కీ ఈ బాడీకీ కుదిరే పైపు ఏ షాపులోనూ దొరకదు. ఇక్కడి గ్యారేజీ వాళ్లు బానెట్ ఎత్తి చూసి, మర్యాదగా దించేశారు.

నేను కాంట్రాక్టర్‌ని. వారానికి నాలుగు రోజులు ఆఫీసుకి వెళ్లి హాజరు బ్యాడ్జ్ కొట్టాలి. ఈ ఊళ్లో కారు లేకపోతే ఉద్యోగం లేనట్టే. మీరే దిక్కు.

ఇట్లు,
ఫణి

తా.క.: పైపు ఫోటోలు పదహారు జత చేస్తున్నాను. పదకొండోదాంట్లో నా బొటనవేలు పడింది. అది పార్టు కాదు.

---

ఇర్వింగ్,
మే 9

చిరంజీవి ఫణికి అంజయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలైంది. నా పేరు మీద వచ్చిన మొదటి కాగితం ఇదే. మా అల్లుడు లోకేష్ ఇన్సూరెన్సు వాళ్లదేమో అనుకుని చింపబోయాడు.

ఇక్కడ నాకు అన్నీ ఉన్నాయి బిడ్డా, పని ఒక్కటే లేదు. ఏది చెడినా బాగుచేయరు, కొత్తది తెస్తారు. మొన్న గిన్నెలు కడిగే మిషను గురగురమంటే విప్పుకుని కూర్చున్నాను. ఏ స్క్రూ ఎక్కడిదో వరుసగా పేర్చుకున్నాను కూడా. సాయంత్రానికి కొత్త మిషను దిగింది, పాతది ముక్కలుగా ఉండగానే మోసుకుపోయారు. నాకు ఏడుపొచ్చింది. మా ఆవిడ ధనమ్మకి నవ్వొచ్చింది.

నీ పని తప్పకుండా చేస్తాను. గ్యారేజీలో ఒక మూల నాకిచ్చారు. కావలసిన సామాను అనుష్క ఆర్డరు పెడుతుంది. ఫోటోలు మాత్రం నాకు అక్కర్లేదు. ఫోటోలో పైపు లావు తెలియదు, మెత్తదనం తెలియదు, ఒంపు అసలే తెలియదు. డిపోలో శాంపిల్ పీసు చేతికి రానిదే రంపం తీసేవాళ్లం కాదు. కాబట్టి రేడియేటర్ పై పైపు విప్పి పోస్టులో పంపు.

ఆశీస్సులతో,
అంజయ్య

తా.క.: వేలు పార్టు కాదని ముందే గ్రహించాను. గోరు కింద గ్రీజు కూడా చూశాను. అందుకే ఈ పని ఒప్పుకున్నాను.

---

బెంటన్‌విల్,
మే 17

అంకుల్‌కి,

నమస్కారాలు. పై పైపు సోమవారం పంపాను, ఈపాటికి చేరే ఉంటుంది. పైపు విప్పి, పెట్టెలో సర్ది, టేపు అంటించి, పోస్టాఫీసుకి బయల్దేరదామని తాళంచెవి తీసుకుని కారెక్కి కూర్చున్నాక నాకు వెలిగింది. మూడున్నర మైళ్లు నడిచాను.

ఇక్కడ రోడ్డు పక్క నడిచే దారి ఉండదు, గడ్డి ఉంటుంది. నడిచే మనిషిని చూస్తే వీళ్ల గుండె తరుక్కుపోతుంది. రోజూ ముగ్గురు నలుగురు కారు ఆపి, అంతా బాగానే ఉందా అని అడుగుతున్నారు. ఒక పెద్దావిడ నా చేతిలో చర్చి కాగితం పెట్టి, కష్టాలు శాశ్వతం కావని చెప్పింది. నేను కూలెంట్ పైపు గురించి చెప్పబోయాను. ఆవిడ కళ్లు మూసుకుని నా కోసం ప్రార్థన మొదలుపెట్టింది.

మా టీమ్ లీడ్ రష్మి మంగళ, గురువారాలు తన కారులో తీసుకెళ్తోంది. దారి పొడవునా నా పెండింగ్ పనుల జాబితా చదువుతుంది. మిగతా రెండు రోజులూ నడక. త్వరగా పంపండి అంకుల్.

ఇట్లు,
ఫణి

తా.క.: నిన్న ఆఫీసు చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది. లిఫ్టులో ఒకాయన బయట వాన పడుతోందా అని అడిగాడు. అవునన్నాను.

---

ఇర్వింగ్,
మే 28

చిరంజీవి ఫణికి, నీ క్షేమం కోరే అంజయ్య రాసేది.

పైపు తయారైంది, ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. నీలం రంగు సిలికాన్. లావు, పొడవు, రెండు ఒంపులు, శాంపిల్‌లో ఎలా ఉన్నాయో అలాగే దించాను. మధ్యలో ఉన్న ఉబ్బు దగ్గర మాత్రం చెమటలు పట్టాయి. అక్కడ లావు పైపు ముక్క వేసి, అటూ ఇటూ సన్నం చేసే ఫిట్టింగులు పెట్టి, నాలుగు క్లాంపులు బిగించాను. రెండుసార్లు చెడి మూడోసారి కుదిరింది. పాతదానికి నల్ల టేపు మూడు చుట్లుంది. దీనికీ మూడు చుట్లే వేశాను, ఎక్కువా తక్కువా లేదు.

పని నచ్చిందో లేదో వెంటనే రాయి. పాత పైపు నా దగ్గరే ఉంచాను.

ఆశీస్సులతో,
అంజయ్య

తా.క.: ఆ ఉబ్బు ఎందుకు పెట్టారో నాకు అంతుపట్టలేదు. అమెరికా ఇంజినీర్లు ఊరికే పెట్టరు కదా అని నేనూ పెట్టాను.

---

బెంటన్‌విల్,
జూన్ 2

అంకుల్‌కి,

నమస్కారాలు. కోపంగా రాస్తున్నానని అనుకోకండి. ఆ ఉబ్బు ఎవరూ పెట్టింది కాదు. రబ్బరు పాతబడి, వేడికి సాగి వచ్చిన ఉబ్బు. అది డిజైను కాదు, జబ్బు. టేపు నేను చుట్టాను, పగులు కనపడకుండా.

మీరు చేసిన పైపు చూడడానికి చాలా బాగుంది. బిగిస్తే ఉబ్బు వెళ్లి ఫ్యాను బెల్టుకి తగిలింది. బానెట్ మూతపడలేదు. గట్టిగా నొక్కాను. ఇప్పుడు బానెట్‌కి కూడా అదే చోట ఉబ్బు వచ్చింది.

పైపు తిరిగి పంపుతున్నాను. దయచేసి ఉబ్బు లేకుండా, టేపు లేకుండా, మామూలు పైపు చేసి పంపండి. నడవలేక మానేసిన రోజుల వల్ల మే నెల బ్యాడ్జ్ లెక్కలో నా పేరు పక్కన పసుపు రంగు పడిందని రష్మి చెప్పింది. పసుపు తర్వాత ఎరుపు.

ఇట్లు,
ఫణి

తా.క.: పోస్టాఫీసు నుంచి వస్తుంటే చర్చి పెద్దావిడ మళ్లీ కనిపించింది. నా చేతిలో ఈ పైపు చూసి, ఈసారి వాళ్లాయన్ని కూడా కారు దింపి ప్రార్థన చేయించింది.

---

ఇర్వింగ్,
జూన్ 9

చిరంజీవి ఫణికి,

అంజయ్య ఆశీస్సులు. తప్పు నాదే, తల వంచుకుంటున్నాను. శాంపిల్‌లో ఉన్నది ఉన్నట్టు దించడం డిపో అలవాటు, అది చేతికి అంటుకుపోయింది.

ఈసారి పొరపాటు జరగదు. అయితే పై పైపు ఒక్కటే చూసి చేస్తే కింది పైపుతో కుదరకపోవచ్చు. కిందిది కూడా విప్పి పంపు. రెండూ కలిసేది రేడియేటర్ దగ్గర కాబట్టి రేడియేటర్ కూడా ఉంటే మంచిది. ఇంజిన్ వైపు పైపు తగిలించే మూతి ఎలాగూ రెండు బోల్టులే, అదీ పంపు. మొత్తం ఇక్కడే కూర్చి, నీళ్లు పోసి చూసి, చుక్క కారకుండా ఇస్తాను.

ఇంకో సంగతి. సోమవారం నేను స్నానానికి వెళ్లినప్పుడు లోకేష్ గ్యారేజీ సర్దుతూ నీ పైపులున్న పెట్టె చెత్తడబ్బాలో వేశాడు. చూసుకునేసరికి చెత్తబండి వీధి చివర ఉంది. లుంగీ మీదే పరుగెత్తి బండికి అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు భయపడి దిగాడు, ఇద్దరం కలిసి వెతికి తీశాం. వీధంతా చూసింది. లోకేష్ రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. అప్పటినుంచి పైపులు నా మంచం కిందే పెట్టుకుంటున్నాను.

ఆశీస్సులతో,
అంజయ్య

తా.క.: ఆ డ్రైవరు బండికి కూడా హైడ్రాలిక్ పైపు కారుతోంది. చెప్పాను. భాష రాకపోయినా అర్థం చేసుకున్నాడు.

---

బెంటన్‌విల్,
జూన్ 20

అంకుల్‌కి,

నమస్కారాలు. కింది పైపు, రేడియేటర్, ఇంజిన్ మూతి, అన్నీ పంపేశాను. మూడు పెట్టెలయ్యాయి. రష్మి కారులో పోస్టాఫీసుకి తీసుకెళ్లాను. నువ్వు కారుకి ఇల్లు మారుస్తున్నావా అని అడిగింది.

ఇప్పుడు నా బానెట్ కింద పెద్ద ఖాళీ ఉంది. అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్లు అద్దానికి నారింజ రంగు కాగితం అంటించారు. కదలని కారును జూలై పదిహేను తర్వాత లాక్కుపోతారట. అదొక్కటే అయితే నవ్వుకునేవాణ్ని. రెండు రోజులు వానకి ఆఫీసుకి వెళ్లలేకపోయాను, నా పేరు ఎర్రబడింది. జూలైలో కూడా ఎరుపొస్తే ప్రాజెక్టు నుంచి తీసేస్తారు. తీసేస్తే వీసా మీద అరవై రోజులు. ఆ లోపల ఇంకో ఉద్యోగం, లేదంటే ఇండియాకి ప్రయాణం.

అంకుల్, నాకు భయంగా ఉంది. ఒక రబ్బరు పైపు కోసం నా బతుకు ఇలా అవుతుందని నేననుకోలేదు. ఎలా ఉన్నా సరే, జూలై పదికల్లా నా వస్తువులు నాకు చేర్చండి. కాళ్లు పట్టుకుంటాను.

మీ,
ఫణి

తా.క.: నిన్న చర్చి పెద్దావిడ కనిపిస్తే నేనే ఆపి ప్రార్థన చేయించుకున్నాను.

---

డాలస్ ఎయిర్‌పోర్టు,
జూలై 7

నా ఫణికి,

అంజయ్య రాస్తున్నాను. నీ ఉత్తరం చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ మర్నాడు మొదలుపెట్టి పది రోజులు వేరే ధ్యాస లేకుండా చేశాను. రెండు పైపులూ, ఫిట్టింగులూ, రేడియేటర్‌తో సహా ఒకటిగా కూర్చాను. సలసల కాగే నీళ్లు పోసి మూడు రోజులు ఉంచాను. ఒక్క చుక్క కారలేదు. నా సర్వీసులో ఇంత మంచి పని చేయలేదు.

చేర్చడమే చేతకాలేదు. పోస్టాఫీసులో టేపుతో కొలిచి, ఈ ఆకారానికి సరిపోయే పెట్టె లేదు, పెట్టె లేనిదే తీసుకోం అన్నారు. విప్పితే ఆ బిగువు మళ్లీ రాదు. లోకేష్‌ని కారులో తీసుకెళ్లమంటే, ఆరు గంటల దారి, సెలవు లేదన్నాడు, ఆయనకీ బ్యాడ్జ్ ఉందట. బస్సులో నేనే తెస్తానన్నాను. అనుష్క ఒప్పుకోలేదు. ఇంతలో నా ఆరు నెలలూ నిండాయి, ఇవాళే విమానం. ఇక్కడ వదిలిపెడితే మళ్లీ చెత్తబండి ఎక్కిస్తారు. ఆలోచించి ఆలోచించి, నా సూట్‌కేసులో పెట్టుకున్నాను. సరిగ్గా ఇరవై మూడు కిలోలు తూగింది. బాదంపప్పు, చాక్లెట్లు, షాంపూలు అన్నీ తీసేయాల్సి వచ్చింది. ధనమ్మ నాలుగు కుర్చీల అవతల కూర్చుంది.

నువ్వు దిగులు పడకు. మా వీధిలో ప్రణవి అనే అమ్మాయి ఆగస్టులో మాస్టర్స్‌కి వస్తోంది. వాళ్ల నాన్నతో మాట్లాడాను, ఒక సూట్‌కేసు మనకిస్తామన్నారు. ఆమె కాలేజీ పిట్స్‌బర్గ్‌లో. మ్యాపులో చూశాను, నీకు జానెడు దూరం కూడా లేదు.

విమానానికి పిలుస్తున్నారు.

నీ శ్రేయస్సు కోరే,
అంజయ్య

తా.క.: ఒక మాట దాచాను బిడ్డా, అది చెప్పకుండా ఎక్కలేను. నీ కారు రోగం పైపులది కాదు, రేడియేటర్ మూతది. స్ప్రింగు చచ్చిపోయి ఆవిరిని ఆపలేకపోతోంది. నీ మొదటి ఉత్తరంలోనే తెలిసింది. ముప్ఫై నాలుగేళ్లు చేసినవాణ్ని, ఉబ్బు చూస్తే జబ్బని తెలియదా. మూత మార్చుకోమని ఆ రోజే రాస్తే నువ్వు థాంక్స్ అని రాసి ఊరుకునేవాడివి. ఆ ఇంట్లో నేను మళ్లీ పని లేకుండా కూర్చునేవాణ్ని. నీ నడక సంగతి తెలిసి కూడా చేశాను. చాలా తప్పు చేశాను, తిట్టుకో. కొత్త మూత అనుష్క చేత ఆర్డరు పెట్టించాను, గురువారం నీ గుమ్మం ముందుంటుంది. అది పెట్టుకుంటే పాత పైపులు ఆ ఉబ్బుతోనే ఇంకో రెండేళ్లు నడుస్తాయి. అవి పోతాయని భయపడకు, అవి కూడా నా సూట్‌కేసులోనే ఉన్నాయి.