ఈశాన్యం మూల ముళ్ల మొక్కలు

జనవరి 22
పసుపు ఆకు పండింది. ఎల్లుండి కోత.
పక్కన నీడ నెట్ కింద చెల్లెలి బిడ్డ సౌమ్య పెట్టిన ముళ్ల మొక్కలు కూడా ఆకు రాల్చేశాయి. కొమ్మలు తెల్లగా, విభూతి పూసుకున్నట్టు... ఫోన్ చేసి అడిగాను. "గదే దాని రంగు పెద్దమ్మా, ఎండిపోలేదు. మొన్నటి వానాకాలం పెరిగిన కొమ్మలే ఇప్పుడు పూస్తయి. కొత్త కొమ్మలు వచ్చే ఏడు."
బ్లాక్‌బెర్రీకి చుట్టమట ఇది, తినే పండ్లు కాస్తుంది. చల్లటి కొండల మీద పెరిగే జాతి. ఇంత తక్కువ చలి ఉండే మన ఆర్మూర్‌లో పూస్తుందా లేదా — సౌమ్య పరిశోధన అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే. అందుకే మా చేనులో ఈశాన్యం వైపు ఇంత జాగా ఇచ్చాం.
పూస్తుంది. నాకైతే అనుమానం లేదు.

జనవరి 23
కోతకు లచ్చవ్వతో మాట్లాడాను. నలుగురిని తీసుకొని వస్తానంది. నెట్ చూసి ఒకటే నవ్వు.
"మేమేమో ఎండల మాడవట్టె. ముండ్లకు గొడుగు పట్టినవా అక్కా?"
"పండ్లు కాసినంక నీకే ముందు పెడుత."
"దేవునికి పెట్టక నాకు పెడుతవా? గంత అబద్ధం నీ నోట్లకెట్ల వచ్చింది?"
నిజమే. నవ్వొచ్చింది.

జనవరి 24, శనివారం
కోత ఆయన చూసుకుంటానన్నారు. నేను భీమ్‌గల్ బస్సెక్కాను. గుట్ట మీద స్వామి దర్శనం బాగా జరిగింది. సౌమ్య పేరు మీద ఒక కొబ్బరికాయ. తిరిగి వచ్చేసరికి పొద్దు గూకింది. చేనుకు పోలేదు.

జనవరి 25
కోసేశారు.
పసుపుతో పాటు నెట్ కింద కూడా. నేలమట్టం. తెల్ల కొమ్మలన్నీ కట్టలు కట్టి గట్టు మీద పెట్టారు — ఎంత పొందికగా...
లచ్చవ్వ చేతులు చూపించింది, నిండా గీతలు. "ఆకు రాలి ఎండిపోయినదాన్ని నిలవెడుతరా అక్కా? పసుపుతోటి పాటు గదీ కోసినం. దీనికి కూలి ఏం అడుగుతలేం తీయి."
మేలు చేశామనే అనుకుంటున్నారు పాపం. పసుపుకు అదే పద్ధతి మరి. ఆకు పండితే పైది కోసేయాలి, కింది దుంప తవ్వాలి. పుట్టినప్పటి నుంచి చేసిన పని అది. ఆయన ఆ వేళకు చాయ్ తేవడానికి పోయారట.
చేతులకు రాసుకొమ్మని కొబ్బరినూనె ఇచ్చాను.
తర్వాత చూశాను — ఈశాన్యం మూల నిలబడే ఉంది! ఒక నాలుగైదు మొక్కలు. అత్తమ్మ కాలం నుంచి మా చేనుకు ఒక పద్ధతి. ఆ మూల అన్నిటికన్నా చివర. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టినంకే కత్తి.
"గా మూల నువ్వు లేకుండ ఎట్ల ముడుతం?" అంది లచ్చవ్వ.
స్వామీ.

జనవరి 26
సౌమ్యకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.
"మార్చి మొదట్ల మా గైడు సార్ వస్తరు పెద్దమ్మా. పువ్వు కనవడితే ఇంకో ఏడు చేయనిస్తరు. కనవడకుంటే మొక్కలు పీకేసి వేరే పని చూసుకొమ్మన్నరు."
"మూలకు ఉన్నయి గద."
"అవైనా పూస్తయని నమ్మకమేంది?"
"నాకున్నది."
"నమ్మకం రాసిస్తే సార్ తీసుకోరు పెద్దమ్మా."
"పువ్వు చూయిస్తే తీసుకుంటరు గద. పూయనీ ముందుగాల."

జనవరి 30
ఆయన అడిగారు. "కోత అయిపోయె, తవ్వుడు షురువాయె. మూలకు కొబ్బరికాయ ఎప్పుడు కొడుతవ్?"
"పూసినంక."
"మా అమ్మ ఉంటే నిన్ను తిడుతుండె."
"అత్తమ్మ ఉంటే గా మూలకే కావలి కూసుంటుండె."
"కూసుంటుండె, నిజమే" అన్నారు.

ఫిబ్రవరి 4
కోసిన మోళ్ల పక్కన మట్టిలోంచి పిలకలు. ఎర్రగా, బొద్దుగా. సౌమ్యకు ఫొటో పంపాను. "ఇవి వచ్చే ఏడు పూసేటివి" అని జవాబు. అంటే బతికే ఉన్నాయి. ఇంకో ఏడు దొరికితే చాలు — చేనంతా నిలబడుతుంది.

ఫిబ్రవరి 15, శివరాత్రి
ఒక్కపొద్దు. గుడి నుంచి నేరుగా చేనుకు. మూల మొక్కలకు కణుపు కణుపుకూ చిగుర్లు. విప్పి చూస్తే ఆకులే.
తొందరేముంది.

ఫిబ్రవరి 19
సౌమ్య వచ్చింది. చిక్కిపోయింది. పసుపు ఉడకబెట్టే దగ్గర లచ్చవ్వ ఎదురుపడింది.
"నీ చదువు కోసేసిన బిడ్డా. తిట్టు, పడుత."
"తిడితే కొమ్మలు మల్ల లేస్తయా అవ్వా? కోయొద్దని బోర్డు పెట్టిన గద."
"గా ఇంగిలీషు రేకా? కోతులను బెదిరియ్య పెట్టినవనుకున్న!"
అక్కడున్న ఆడవాళ్లంతా ఫక్కున నవ్వారు. సౌమ్య కూడా. ఆ పిల్ల నవ్వి ఎన్ని రోజులైందో.
సాయంత్రం పోయేముందు తెలుగులో రాసి కట్టింది. 'ఎండిపోలేదు. కోయొద్దు.'

ఫిబ్రవరి 25
మొగ్గలు!! ఒక్క మొక్కకే. జొన్న గింజలంత, గుత్తిగా.
సౌమ్యకు చెప్తే — "మొగ్గలుగనే రాలిపోతయి ఒక్కోసారి. ఎండ ముదురుతున్నది గద పెద్దమ్మా."
ఎండ ముదిరిందనేది నిజం. నీళ్లు రెండు పూటలా పోస్తున్నాను.

ఫిబ్రవరి 28
రెండు మొగ్గలు రాలాయి. ఎల్లుండి సార్ వస్తున్నారు.
పడుకునే ముందు స్వామిని ఇది ఇయ్యి, అది ఇయ్యి అని అడగలేదు. నాకంటే ఆయనకు బాగా తెలుసు.

మార్చి 1
ఏమీ విచ్చుకోలేదు. మిగిలిన మొగ్గల కొసలు మాత్రం గులాబీ రంగుకు తిరిగాయి. ఆయన కూడా వచ్చి వంగి చూశారు. బిందె అందుకుని నీళ్లు పోశారు.

మార్చి 2
పొద్దున పూల బుట్ట పట్టుకొని చేనుకు పోయాను. గట్టు మీద బంతిపూలు తెంపి మూలకు వస్తే — విచ్చుకుంది. ఒకే ఒకటి. చిటికెన వేలి గోరంత, గులాబీ రంగు. మధ్యలో సన్నటి నూగు.
కొత్త చెట్టు తొలిపువ్వు ఇప్పటిదాకా స్వామికే పెట్టాను. అలవాటుగా చెయ్యి పోయింది. ముల్లు గుచ్చుకునేదాకా తెలియలేదు. వెనక్కి తీసుకున్నాను.
సౌమ్యకు ఫోన్.
"ఒక్కటేనా?"
"ఒక్కటే."
"పెద్దమ్మా... తెంపలేదు గద?"
"లేదు బిడ్డా."
అటు ఏడుస్తోంది, ఇప్పుడు.
దేవుడి ముందు బంతిపూలే పెట్టాను. నీ పువ్వు చేనులో ఉంది స్వామీ, ఇవాళ అక్కడికే వచ్చి చూసుకో, అని చెప్పాను.
సార్ మధ్యాహ్నం వస్తారట. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. పాత చీర ఒకటి తీసి పెట్టాను, ఆ మూల మీద నీడకు కట్టాలి. బయల్దేరుతున్నాను.